మా మేనల్లుడి కిర్గిజ్‌స్తాన్ ప్లానూ, నా అభ్యంతరమూ

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే మా మేనల్లుడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. "మావయ్యా, ఆగస్టులో నేనూ నా ఫ్రెండ్సూ కిర్గిజ్‌స్తాన్ వెళ్తున్నాం. మీరు వెళ్లొచ్చారు కదా, ఒకసారి చూసి చెప్పండి" అని కింద ఒక ముక్క. ఏడు రోజులు, తొమ్మిది చోట్లు, తలకి అరవై వేలు. అరగంటకో గడి, గడికో రంగు. ప్రయాణాలకి నీలం, తిండికి పసుపు, ఫొటోలకి ఆకుపచ్చ. నిద్రకి మాత్రం రంగు లేదు. వెతికితే నిద్రే పెద్దగా కనిపించలేదు.

ఏదో ఏఐ యాప్‌ని అడిగి చేయించాట్ట. అందులో వీళ్లు ఐదో రోజు రాత్రి ఓష్‌లో పడుకుని, ఆరో రోజు పొద్దున్న కరాకోల్‌లో టిఫిన్ చేస్తున్నారు. రెండూ ఒకే దేశంలో ఉన్న మాట నిజమే. కానీ ఓష్ నుంచి రాజధాని బిష్కెక్‌కి రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైమాట, మధ్యలో మూడు వేల మీటర్లు దాటిన కనుమలు. బిష్కెక్ నుంచి కరాకోల్‌కి ఇంకో 400. విజయవాడలో రాత్రి భోంచేసి పొద్దున్నే భోపాల్‌లో ఇడ్లీ తిన్నట్టు, అదీ సగం దూరం ఘాట్ రోడ్డు మీద. ఓష్ నుంచి బిష్కెక్‌కి ముప్పావుగంట విమానం ఉందనుకోండి. అది పట్టుకున్నా ఆ ఇడ్లీ సాయంత్రానికే.

"ఓష్ తీసెయ్ రా" అని ఒక్క మాట రాసేసి పడుకుందామనుకున్నాను. రాయబోయి ఆగాను. ఎందుకంటే నిరుడు సెప్టెంబరులో నేనూ మా ఆవిడా బయల్దేరే ముందు నేను వేసిన ప్లాను కూడా ఇంచుమించు ఇదే. నాది ఎక్సెల్ కాదు, పాత డైరీలో బాల్ పెన్నుతో. తొమ్మిది కాదు, ఎనిమిది. అంతే తేడా. అప్పుడు నాకెవరూ అడ్డు చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. అందుకని వాడికి రాయాల్సిన ఒక్క ముక్క పెరిగి పెరిగి ఈ పోస్టయింది.

నేను అనేదల్లా ఇంతే. చేతిలో వారమే ఉండి, డబ్బూ లెక్కగానే ఉన్నప్పుడు, ఎరగని దేశానికి వెళ్లేవాడు ముందు కోసుకోవాల్సింది కిలోమీటర్లు. అవి కోస్తే రూపాయలు వాటంతటవే తగ్గుతాయి. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు. చోట్లన్నీ ఉంచేసి తిండిలో, గదిలో, ఇంటివాళ్లకిచ్చే డబ్బులో కోస్తాం. నేనూ కోశాను, ఆ కథ తర్వాత చెప్తాను.

## దూరమంటే ఏమిటి

కిర్గిజ్‌స్తాన్ అనగానే మా అక్క "అంత దూరమా!" అంది. మా బ్యాంకులో వాళ్లయితే "ఎవరికండీ మెడిసిన్ సీటు? మీ అబ్బాయికా?" అన్నారు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మన జిల్లాల్లో ఆ దేశానికి ఉన్న పేరు అదొక్కటే మరి. ఊరికే చూడ్డానికి వెళ్తున్నామంటే ఒకాయన నమ్మలేదు, ఏదో దాస్తున్నాననుకున్నాడు.

మ్యాపు తీసి చూడండి. ఢిల్లీ నుంచి నిటారుగా గీత గీస్తే బిష్కెక్ దాదాపు 1,600 కిలోమీటర్లు. చెన్నై అంతకంటే దూరం. విమానం మూడున్నర గంటల్లో దింపేస్తుంది. గడియారం మనకంటే అరగంటే ముందు. దేశం మొత్తం మన ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్దది, జనాభా 70 లక్షల చిల్లర. అక్కడి సోము ఒకటి మన రూపాయి ఒకటికి అటూ ఇటూగా నడుస్తోంది. విదేశంలో ధర వినగానే మనసులో గుణించుకునే బాధ తప్పిన దేశం నాకు ఇదొక్కటే. వంద అంటే వంద.

దూరమంతా తెలియకపోవడంలో ఉంది. తెలియని చోటు కాబట్టి మళ్లీ రాలేమన్న భయం. మళ్లీ రాలేం కాబట్టి అన్నీ ఇప్పుడే చూసెయ్యాలి. గోవా వెళ్లేవాడు తొమ్మిది చోట్లు రాసుకోడు. మావాడి షీటులో నాకు కనిపించింది ఆత్రం కాదు, ఈ భయమే. తొమ్మిది చోట్ల ప్లానులు అక్కడే పుడతాయి.

నా మాటకి మొదటి దెబ్బ కూడా అక్కడే. మా అక్క అడిగింది: "ఏరా, నువ్వైనా మళ్లీ వెళ్తావా? వాడైనా వెళ్తాడా? రేపు ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. కాశీ దాకా వెళ్లి విశ్వనాథుణ్ణి చూడకుండా వచ్చెయ్యమంటావా?" దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. మళ్లీ వెళ్తానని నేనూ అనుకోవడం లేదు. ఏటా వెళ్లగలిగినవాడు "నింపాదిగా ఒక్క ఊరే చూడు నాయనా" అని సలహా ఇవ్వడం తేలికే. కూడబెట్టుకుని ఒక్కసారి వెళ్లేవాడికి ఆ సలహా కడుపు నిండినవాడి కబురులా వినపడుతుంది. ఆ మాట నిజమని ఒప్పుకునే ముందుకెళ్తున్నాను.

## పెళ్లి బఫే లెక్క

మావాడు సీఏ ఇంటర్ చదువుతున్నాడు. వాడి వాదన లెక్కలతో ఉంటుంది. "మావయ్యా, టికెట్ 37 వేలు ఎలాగూ పెడుతున్నాం. మూడు చోట్లు చూస్తే చోటుకి 12 వేలు పడుతుంది. తొమ్మిది చూస్తే నాలుగు వేలే." వినడానికి బాగుంది. పెళ్లి బఫేలో ప్లేటు ఖరీదు తెలిసినవాడు అన్ని కౌంటర్లూ తిరిగి చివరికి పెరుగన్నం తినలేక వదిలేసే లెక్క ఇది.

పైగా ఈ దేశంలో ఆ లెక్క అసలు పొసగదు. ఎందుకు పొసగదో చెప్పాలంటే మర్ష్‌రూత్కా గురించి చెప్పాలి. అది పదహారు, పద్దెనిమిది సీట్ల వ్యాను. బిష్కెక్ పశ్చిమ బస్టాండు నుంచి కరాకోల్‌కి ఆరేడు గంటల ప్రయాణం, మేమిచ్చింది తలకి ఆరొందల చిల్లర. 400 కిలోమీటర్లకి అది మన ఏసీ బస్సు చార్జీ కంటే తక్కువే. టైమంటూ లేదు. మన షేర్ ఆటోలాగే నిండితే కదులుతుంది. మావాడి షీటులో "9:00 బయలుదేరుట" అని నీలం గడి ఉంది. మేం ఎక్కింది తొమ్మిదికే. చివరి సీటు మనిషి ఒక పుచ్చకాయతో వచ్చేసరికి పదింబావు.

ఇంత చవగ్గా తిరిగే వ్యాన్లు పెద్ద రోడ్ల మీదే తిరుగుతాయి. దేశంలో తొంభై శాతం పైగా కొండలే కాబట్టి పెద్ద రోడ్లు తక్కువ. పోస్టరు మీద కనిపించే చోట్లు, సోంగ్-కుల్ సరస్సు లాంటివి, రోడ్డు దిగి కొండెక్కిన తర్వాత వస్తాయి. అక్కడికి బస్సు లేదు, వ్యాను లేదు. కొచ్‌కోర్ అనే ఊళ్లో దిగి కారు మొత్తం మాట్లాడుకోవాలి. రానూ పోనూ అయ్యేది వందల్లో కాదు, వేలల్లో. రాత్రి ఉంటే డ్రైవరు వెయిటింగు వేరే. ఆల్టిన్-అరాషాన్ వేడినీళ్ల ఊటలకీ అంతే. ఒక చోటు కలిపితే ఒక కారు కలుస్తుంది. మావాడు భాగహారం చేస్తున్నాడు, రోడ్డు మాత్రం కూడిక చేస్తుంది.

మా ఇద్దరికీ అక్కడ నేల మీద ఏడు రోజులకి అయింది 36 వేలు. ముందు వేసుకున్న అంచనా 60 వేలు. మిగిలిన 24 వేలూ మా తెలివి వల్ల మిగల్లేదు. వెళ్లాలనుకున్న నాలుగు చోట్లకి వెళ్లలేకపోయాం, అందుకు మిగిలాయి.

## కనుమ మీద మంచు

కరాకోల్ దాకా అంతా డైరీలో రాసుకున్నట్టే నడిచింది. 1869లో రష్యన్లు కట్టిన ఊరు, చెట్ల నీడల్లో పాత చెక్క ఇళ్లు. చైనా నుంచి వచ్చిన దుంగాన్ ముస్లింలు 1910 నాటికి కట్టుకున్న మసీదు బౌద్ధాలయంలా ఉంటుంది, ఇనప మేకు వాడకుండా కట్టారని చెప్తారు. ఆ దుంగాన్ల వంటకమే అష్లాన్-ఫు. చల్లటి పుల్లటి ఎర్రటి పులుసులో నూడుల్సు, గంజి జున్నులాంటి ముక్కలు, వెల్లుల్లి, మిరపకారం, కోడిగుడ్డు తునకలు. పక్కన బంగాళాదుంప కూరిన వేడి రొట్టె. మా ఆవిడ గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. రెండు రోజులుగా గొర్రె కొవ్వు వాసనకి మొహం వాడిపోయి ఉంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "చద్దన్నంలో ఆవకాయ కలిపినట్టుందండీ" అంది. ఆ గిన్నె వంద సోములు కూడా కాదు. మర్నాడు పొద్దున మళ్లీ అక్కడికే వెళ్లాం, నా డైరీలో అప్పుడు వేరే ఏదో రాసి ఉంది.

మూడో రోజు రాత్రి గెస్ట్‌హౌస్ ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడి మా దగ్గరికొచ్చాడు. సోంగ్-కుల్ దారిలో కనుమ మీద మంచు పడిందిట, రెండు రోజులు ఆగమంటున్నార్ట. సెప్టెంబరు మొదటి వారం అది. ఆ కనుమ 3,400 మీటర్లు దాటిన ఎత్తు, సరస్సు 3,016. విజయవాడ మనిషికి ఎత్తంటే ఇంద్రకీలాద్రి. మావాడి షీటులో దిగిన మర్నాటి రాత్రే సోంగ్-కుల్ ఒడ్డున పడక. వాడికి ఇరవై మూడేళ్లు, తలనొప్పి కూడా రాకపోవచ్చు. వస్తే మాత్రం ఆ చీకట్లో దిగిరావడానికి కారుండదు.

మాకున్న రోజులే తక్కువ, రెండు రోజులు ఎక్కడ ఆగుతాం? నేను డైరీ తెరిచి బాణం గుర్తులు కొట్టేసి, కొత్తవి వేసి, మళ్లీ కొట్టేశాను. కరాకోల్ పక్కనున్న ఇస్సిక్-కుల్ సరస్సుకి ఉత్తరపు ఒడ్డున చోల్పోన్-అతా వెళ్దామా? అరాషాన్‌కి కారు మాట్లాడదామా? మా ఆవిడ కాసేపు చూసి "ఏమండీ, ఆ పుస్తకం మూసెయ్యండి. ఈ సరస్సు పక్కనే ఎక్కడో ఒకచోట దిగుదాం" అంది. గెస్ట్‌హౌస్ ఆయన దక్షిణపు ఒడ్డున తోసోర్ అనే పల్లెలో ఎవరికో ఫోన్ చేశాడు.

ఇస్సిక్-కుల్ గురించి అంకెలు చాలామంది రాశారు: 180 కిలోమీటర్ల పొడవు, 668 మీటర్ల లోతు, చలికాలంలోనూ గడ్డకట్టదు, పేరుకి అర్థమే "వేడి సరస్సు". ఇవన్నీ వెళ్లేముందే బట్టీపట్టాను. ఏ అంకెలోనూ లేనిది, ఎక్కణ్ణుంచో ఒకచోటి నుంచి కదలకుండా చూస్తేనే తెలిసేది ఒకటుంది. ఉత్తరపు కొండల పేరు కుంగెయ్, అంటే ఎండకి ఎదురున్నది. దక్షిణపు కొండల పేరు తెర్స్‌కెయ్, అంటే ఎండకి పెడగా ఉన్నది. మేం తెర్స్‌కెయ్ పాదాల దగ్గర కూచుని అవతల కుంగెయ్ కేసి చూస్తున్నాం. పొద్దున ఆరింటికి ఎండ ముందు అవతలి మంచు కొనల మీద పడుతుంది. ఒడ్డున మా కాళ్ల దగ్గరికి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. రెండు టీలు తాగేదాకా నీడలోనే కూచున్నాం. కొండలకి పెట్టిన ఆ రెండు పేర్లూ ఇక్కడ పశువులు కాసుకున్నవాడు పెట్టినవని అప్పుడర్థమైంది. వ్యాను కిటికీలోంచి చూసుంటే రెండూ నాకు "మంచు కొండలు" అయ్యుండేవి.

రెండు పగళ్లు, రెండు రాత్రులు. చేసిన పనుల జాబితా రాయమంటే రాయలేను. నీళ్లు నాలిక్కి తగిలించి చూశాం, ఉప్పగా ఉన్నాయో లేదో అన్నట్టున్నాయి. ఇద్దరు పిల్లలు గుర్రాల్ని నీళ్లకి తోలుకొచ్చి, మమ్మల్ని చూసి నవ్వు ఆపుకోలేక పారిపోయారు. రెండో రోజు పారిపోలేదు.

## నాలుగొందల సోములు

తోసోర్‌లో మేమున్న ఇంటావిడకి యాభై దాటి ఉంటాయి. ఆ దేశంలో వయసులో పెద్ద ఆడవాళ్లని "ఎజె" అంటారు, మగవాళ్లని "బైకె". మన అక్కా, అన్నా లాగే. వ్యాను డ్రైవరు బైకె, కూరలమ్మే ఆవిడ ఎజె. పేర్లు అడగాల్సిన పనే ఉండదు, ఆ రెండు మాటలతో వారం గడిచిపోతుంది.

గది, రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను కలిపి మనిషికి రోజుకి 1,200 సోములు చెప్పింది. నేను వేలు చూపించి "వెయ్యి" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. బీసెంట్ రోడ్డులో చొక్కా ధర వినగానే నోరు దానంతటదే సగం అంటుంది చూడండి, అలా వచ్చేసింది. ఆవిడ ఒక్క క్షణం చూసి తలూపింది. ఇద్దరికి రోజుకి 400 సోములు మిగిలాయి. డైరీలో రాసుకున్నాను కూడా, మిగులు అని.

ఆ రాత్రి వంటింట్లో రెండు గిన్నెలున్నాయి. ఒకటి వాళ్లింటి మాంసం పులుసు. రెండోది మా కోసం విడిగా బంగాళాదుంప, క్యారెట్, క్యాప్సికం వేసిన లగ్‌మాన్ అనే నూడుల్సు. మేం మాంసం తినం అన్న సంగతి చెప్పింది సాయంత్రం ఐదింటికి. అప్పటికే ఒక వంట అయిపోయి ఉంది. రెండోది మళ్లీ మొదలుపెట్టి పిండి సాగదీసి చేసింది. టీ పియాలాలో సగానికే పోస్తుంది, అయిపోగానే మళ్లీ సగం. నిండా పోస్తే ఇక లేవమన్నట్టుట, అక్కడి మర్యాద అది. మా ఆవిడ లెక్కపెట్టింది, పదకొండు సార్లు పోసింది. రొట్టె పక్కన ఆ పెరట్లో పండిన నేరేడు... కాదు, ఆప్రికాట్ల జాము. ఆ పండుకి మన ఊళ్లో పేరు లేక నాకు ఎప్పుడూ తడబాటే.

మా ఆవిడ సంచీలోంచి గోంగూర పచ్చడి సీసా తీసింది. ఎజె రొట్టె కొసకి అంటించి నోట్లో పెట్టుకుంది, దగ్గింది, కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ రొట్టె ముంచింది. ఇదేం ఆకు అని ఫోనులో అడిగింది. గోంగూర బొమ్మ చూపించాం. తల అడ్డంగా ఊపి పెరట్లోకి వెళ్లి నాలుగు ఆకులు తెంపుకొచ్చి మా ఆవిడ అరచేతిలో పెట్టింది. షావెల్ అంది, సూపులో వేస్తారుట. మా ఆవిడ కొరికి చూసి గట్టిగా నవ్వింది. "ఏమండీ, ఇది చుక్కకూరండీ!" తర్వాత చూస్తే రెండూ ఒకే కుటుంబం, అక్కచెల్లెళ్లు. ఇక ఆ రాత్రి చుక్కకూర పప్పు ఎలా చేస్తారో ఫోను అనువాదంలో గంటసేపు సాగింది. పప్పుకి తిరగమోత పెట్టడం అన్న మాట దగ్గర ఫోను చేతులెత్తేసింది. మా ఆవిడ లేచి గరిటెలో నూనె వేసి చేసి చూపించింది.

నాకు ఆ నాలుగొందలు అప్పుడు గుర్తొచ్చాయి. ఢిల్లీ విమానాశ్రయంలో రెండు కాఫీలకి అంతకంటే ఎక్కువే ఇచ్చాం, అక్కడ "తగ్గించండి" అనలేదు. బోర్డు మీద రాసి ఉన్న ధరకి నోరెత్తం, ఎదురుగా మనిషుంటేనే మనకి బేరం గుర్తొస్తుంది.

వెళ్లే రోజు రెండు రోజులదీ కలిపి 4,800 ఇచ్చాను, మొదట చెప్పిన ధరకే. ఎజె లెక్కపెట్టి 800 వెనక్కిచ్చింది. వద్దన్నాను. ఫోనులో ఏదో మాట్లాడి చూపించింది. తెలుగులో వచ్చింది: "మాట అయిపోయింది." చివరికి బతిమాలి నాలుగొందలు మా ఆవిడ ఆవిడ చేతిలో కుక్కింది. మిగతా నాలుగొందలు ఎజె నా చొక్కా జేబులో పెట్టి జేబు మీద తట్టింది. అవి ఇంకా నా దగ్గరే ఉన్నాయి, డైరీ మధ్యలో.

అందుకే అంటున్నాను. ప్లానులో నాలుగు చోట్లు ఎక్కువ పెట్టుకున్నవాడికి ప్రతి రెండొందలూ ప్రాణం మీదికొస్తుంది. కారుకి వేలు పోశాం కదా, గదిలో అయినా మిగుల్చుకుందామనిపిస్తుంది. కారు కంటే గది ఇచ్చేవాళ్లు తేలిగ్గా తగ్గుతారు కాబట్టి కోత అక్కడ పడుతుంది.

## అక్కడే ఉంటున్నవాళ్లు

బిష్కెక్‌లో మమ్మల్ని చూడ్డానికి మా బ్యాంకు మిత్రుడి కూతురు వచ్చింది. అక్కడ మెడిసిన్ నాలుగో ఏడు. ఆ ఊళ్లోనే ఉన్న ఓష్ బజారుకి తీసుకెళ్లి కొత్తిమీర ఎవరి దగ్గర బాగుంటుందో, ఉజ్‌గెన్ బియ్యం ఏ దుకాణంలో కొనాలో చూపించింది. అక్కడి 36 అక్షరాలూ బయల్దేరే ముందే నేర్చుకుని వచ్చానని నేను గొప్పగా చెప్పాను. యాభయ్యారు నేర్చినవాడికి ఇదొక లెక్కా అని. ఇంగ్లీషు పీలా కనిపించేది ర, సీలా కనిపించేది స, హెచ్‌లా కనిపించేది న. నేర్చుకోని మా ఆవిడ రెస్టారెంట్ బోర్డుని "పెక్టోపా" అని చదివింది. ఈ ఒక్క తయారీకి పైసా ఖర్చు లేదు, అన్నిటికంటే పనికొచ్చింది. మావాడి షీటులో ఇది లేదు.

ఇస్సిక్-కుల్ ఎలా ఉంటుందమ్మా అని అడిగితే "ఒకసారి వెళ్లాం అంకుల్. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేశాం. ఎనిమిది గంటలు వ్యానులోనే, నేను నిద్రపోయా" అంది. నాలుగేళ్లలో అదొక్కసారే. ఆ పిల్లకి చదువు, పరీక్షలు, హాస్టల్ వంట, ఇంటికి పంపాల్సిన ధైర్యం. 2024 మే 17 రాత్రి విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద గుంపులు విరుచుకుపడ్డప్పుడు గదిలో లైటు ఆర్పుకుని తెల్లవార్లూ కూచున్నార్ట. ఇక్కడ మా మిత్రుడు బ్యాంకు కౌంటర్లో ఫోను చేతిలోంచి దించలేదు, ఆ టెన్షన్ నేను కళ్లారా చూశాను. "రాత్రి పది దాటాక బయట తిరక్కండి అంకుల్. మీకు ఏమీ కాదు, అయినా" అంది.

ఎజె ఇల్లు చూసి ఆ దేశమంతా అలాగే అనుకుంటే తప్పు. ఆ రాత్రి చూసి దేశమంతా అదే అనుకున్నా తప్పే. వారం రోజులకి వెళ్లినవాడికి రెండూ తెలియవు, ఏదో ఒక అంచు తెలుస్తుంది. తొమ్మిది చోట్లు తిరిగితే ఎక్కువ తెలుస్తుందా అంటే, తొమ్మిది గెస్ట్‌హౌసుల తలుపు తాళాలు ఎలా తీయాలో తెలుస్తుందని నా అనుమానం.

## పుల్లటి ద్రాక్ష?

ఇక నన్ను నేను అడుక్కోవాల్సింది ఒకటుంది. కనుమ మీద మంచు పడకపోయుంటే? సోంగ్-కుల్ వెళ్లుండేవాణ్ణి. ఆ గడ్డి మైదానం, ఆ బోజ్-ఉయ్ గుడారాలు చూసి వచ్చి "వెళ్లకపోతే వేస్టు" అని ఇదే బ్లాగులో రాసుండేవాణ్ణేమో. అందని ద్రాక్ష పుల్లన అన్న నక్కకీ నాకూ తేడా ఏమిటి? చాలారోజులు ఆలోచించాను. ఎవరైనా సోంగ్-కుల్ ఫొటో పెడితే ఇప్పటికీ జూమ్ చేసి చూస్తాను, దాచడమెందుకు.

అయినా నా మాట మీదే ఉన్నాను. సోంగ్-కుల్ వద్దని నేననడం లేదు. సోంగ్-కుల్ కావాలంటే కరాకోల్ వదులుకో, కొచ్‌కోర్‌లో ఒక రాత్రి ఆగి ఎత్తుకి అలవాటు పడు, పైన రెండు రాత్రులుండు, మంచు పడితే ఆగడానికి ఒక రోజు చేతిలో పెట్టుకో అంటున్నాను. ఏడు రోజుల్లో రాకపోకలకి రెండు సగం రోజులు పోతాయి. బిష్కెక్ నుంచి సరస్సు చివరి దాకా వెళ్లి రావడానికి ఇంకో ఒకటిన్నర. మిగిలేవి నాలుగున్నర. నాలుగున్నర రోజుల్లో రెండు చోట్లు పడతాయి, ఇరికిస్తే మూడు.

ప్యాకేజీ టూరుల మీద కోపం లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లాల్సొస్తే నేనూ ప్యాకేజీయే కొంటాను. సాంబారు దొరుకుతుంది, సూట్‌కేసు ఎవరో మోస్తారు. కాకపోతే ప్యాకేజీ తిరిగే వేగంతో, ప్యాకేజీలో ఉండే కారు లేకుండా, సగం డబ్బుతో తిరుగుదామనుకోవడమే మావాడి షీటు. మూడిట్లో ఏదో ఒకటి వదలాలి.

## జవాబు

ఇదంతా క్లుప్తంగా వాయిస్ మెసేజీ పెట్టాను. పదకొండు నిమిషాలు వచ్చింది. రెండు రోజులు చూసీ చూడనట్టు ఊరుకుని నిన్న రాత్రి జవాబిచ్చాడు: "ఓకే మావయ్యా, ఓష్ తీసేశాం. ఆల్మటీ కూడా. సోంగ్-కుల్ మాత్రం తీయం. మా వాళ్లు ఒప్పుకోరు." ఆల్మటీ అసలు పక్క దేశం కజకిస్తాన్‌లో ఊరు. తొమ్మిదిలోంచి ఏడయ్యాయి. వాళ్లు నలుగురు కాబట్టి కారు ఖర్చు నాలుగు వాటాలవుతుందని ఒక కొత్త కాలమ్ కూడా చేర్చాడు. అది న్యాయమైన మాటే, ఇద్దరమే వెళ్లిన నాకు తట్టలేదు.

నేను ఇంకేమీ వాదించలేదు. ఒక్క పని మాత్రం అప్పజెప్పాను. డైరీలో ఉన్న ఆ నాలుగొందల సోములు, ఒక గోంగూర సీసా, చిన్న పొట్లంలో కందిపప్పు పంపిస్తాను, దారిలో తోసోర్‌లో ఎజె చేతికి ఇచ్చి రమ్మన్నాను. "దారిలోనే కదా మావయ్యా, ఐదు నిమిషాల పని" అన్నాడు. షీటులో ఆకుపచ్చ గడి ఒకటి పెట్టాట్ట, 11:30 నుంచి 11:35.

దక్షిణపు ఒడ్డున మర్ష్‌రూత్కా దిగితే, వెనకాల వచ్చేవన్నీ కరాకోల్‌లోనే నిండి వస్తాయి. మళ్లీ సీటు దొరికేది మర్నాడు పొద్దున్నే. ఆ సంగతి వాడికి చెప్పలేదు.